ఏ ముక్కకు రంగు వద్దో ముందు చూడండి

(హనుమకొండలో స్క్రోల్ సాతో, అంటే సన్నటి బ్లేడుతో చెక్కను ఒంపులుగా కోసే మిషన్‌తో, పని నేర్చుకుంటున్నవాళ్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కోత పని మీకు వచ్చేసింది. లోపలికి వచ్చేటప్పుడే బల్లల మీద పెట్టినవన్నీ చూసిన. నెమలి ఉన్నది, బతుకమ్మ ఎత్తుకున్న ఆడబిడ్డ ఉన్నది, ఒకరైతే కాకతీయుల కళాతోరణం మొత్తం ప్లైలో దించిన్రు. లోపలి కోతలు కూడా శుభ్రంగా ఉన్నయి, మూలల దగ్గర బ్లేడు తడబడలేదు. ఇగ రంగు సంగతి. రంగు మాట ఎత్తంగనే అందరూ అడిగేది ఒకటే, ఏ డబ్బా కొనాలె అని. దానికి కూడా జవాబు చెప్త. కాకపోతే అంతకుముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉన్నది. ఈ బొమ్మలో ఏ ముక్కకు రంగు వద్దు?

ఎందుకంటే మన పనిలో బొమ్మ గీసేది బ్లేడు. బ్లేడు పోయిన దారే గీత, ఆ సందులో పడే నీడే గీతకు నలుపు. కాగితం మీద బొమ్మ వేసేటాయన రంగుతోటే ఆకారం పుట్టించాలె. మనకు ఆకారం ముందే తయారై చేతిలో ఉన్నది. కాబట్టి మనం వేసే రంగు ఆ కోతకు సాయం చెయ్యాలె. చెక్క రేఖలనూ కోతనూ పూడ్చిపెట్టే రంగు ఎంత ఖరీదుదైనా నాకు నచ్చదు. ఈ మాట మీద నేను గట్టిగానే ఉంట.

రామప్ప చూడనోళ్లు ఎవరన్నా ఉన్నరా? లేరు, మంచిది. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఈసారి పోయినప్పుడు శిల్పాలతో పాటు రాళ్ల రంగు కూడా గమనించండి. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద నిలబడ్డ మదనికలు నిగనిగలాడే నల్లరాయి. రాయి ఎంచుకున్నకాడనే అక్కడ రంగు తేలిపోయింది. ఎర్రటి గోడ ముందు నల్లటి బొమ్మ ఉండబట్టే కింద నిలబడి చూసేటోళ్లకు ఆ నడుము ఒంపు, ఆ చెయ్యి మడత విడిగా తెలుస్తయి. అదే ఎర్రరాయిలో చెక్కి ఉంటే ఆ ఎత్తున గోడలో కలిసిపోయేవి.

మన మొదటి పని కూడా అదే. డబ్బా మూత తియ్యకముందు చెక్కను ఎంచుకోవాలె. పనస పసుపుపచ్చగా ఉంటది. జిట్రేగి ముదురు గోధుమ, అందులో ఊదా జీర. టేకు బంగారు గోధుమ, వేప ఎర్రవైపు, పొనికి తెల్లవైపు. ఇవన్నీ మన ప్రాంతంలో దొరికే చెక్కలే. వడ్రంగి దగ్గర మిగిలిన తునకలు అడిగితే చాలు, పలకలు కొనాల్సిన పని కూడా లేదు. అయితే చెక్క రంగు నిలకడగా ఉండేది కాదు. పనస వెలుతురుకు ఏండ్లు గడిచినకొద్దీ గోధుమవైపు తిరుగుతది. అప్పుడే కోసిన టేకు చారలు చారలుగా కనబడ్తది, నాలుగు రోజులు ఎండ చూస్తే సర్దుకుంటది. పాలిష్ పడినంక ఏ చెక్క ఎట్ల కనబడ్తదో ముందే తెలుసుకోవాలంటే గుడ్డకు జర స్పిరిట్ అద్ది తుడవండి. ఆరేలోపు ఆ తడిలో కనబడే రంగే దాదాపుగా పాలిష్ చేసినంక వచ్చే రంగు. ఈ ఒక్క పరీక్ష ఎంతో రంగును మిగిలిస్తది.

వేరువేరు చెక్కల ముక్కలు జతచేసి బొమ్మ కూర్చితే ఇంటార్సియా అంటరు. ఒకే పలకను కోసి, ముక్కలకు విడివిడిగా రంగేసి, మళ్ల కూర్చితే సెగ్మెంటేషన్. ఇవాళ మన మాట ఎక్కువగా రెండోదాని గురించే.

బతుకమ్మకు గునుగు తెచ్చి ఏం చేస్తరో మీ ఇండ్లలో చూసిందే. కట్టలు కట్టి, సమంగా కోసి, కొసలు రంగునీళ్లలో ముంచుతరు. గులాబీ, నీలం, ఆకుపచ్చ. మరి తంగేడుకు ఎవరన్నా రంగు వేస్తరా? వెయ్యరు. తంగేడుకు తన పసుపు ఉన్నది. గునుగు వెలిసినట్టు తెల్లగా ఉంటది కాబట్టి ఏ రంగు ఇచ్చినా తేటగా పట్టుకుంటది. చెక్కలోనూ ఇదే లెక్క. పొనికి, తెల్లటి మామిడి, బర్చ్ ప్లై, ఇవి గునుగు జాతి. వీటికి రంగు ఇయ్యండి. టేకు, జిట్రేగి, పనస తంగేడు జాతి. వాటిని అట్లనే ఉండనియ్యండి. టేకు మీద నీలం వేసి చూడండి, కింద ఉన్న పసుపు గోధుమతో కలిసి పాచిపట్టిన ఆకుపచ్చ అయి కూర్చుంటది. ఆ నీలం తప్పేం లేదు, కింద చెక్క అట్లాంటిది.

ఇప్పుడు రంగులు. దుకాణంలో ఎన్ని రకాలున్నా మన పనికి రెండే జాతులు. ఒకటి నీళ్లలోనో స్పిరిట్‌లోనో పూర్తిగా కరిగిపోయే రంగు, డై. అది నార లోపలికి దిగుతది, రేఖలు స్పష్టంగా కనబడ్తయి. రెండోది కరగని సన్నటి పొడి, పిగ్మెంట్. అక్రిలిక్, ఎనామెల్, చాలా స్టెయిన్ డబ్బాలు పిగ్మెంట్ మీదనే నడుస్తయి. అది చెక్క మీద, రంధ్రాలలో కూర్చుంటది. చిక్కగా వేస్తే చెక్కను కప్పేస్తది, నీళ్లు కలిపి పల్చగా వేస్తే డైకి దగ్గరగా వస్తది. డై మెరుపు ఎక్కువ, కాని ఎండకు తొందరగా వెలుస్తది. పిగ్మెంట్ ఎండకు ఓర్చుకుంటది. ఎండ పడే వరండాలో వేలాడదీసే బొమ్మకు డై వాడకండి. లోపలి గోడకైతే అంత భయం లేదు.

ఇదిగో, ఈ రేకు చూడండి. చేతులు మార్చుకుంటూ వెనకదాక పంపించండి. మామిడి పలకలో కోసిన పూరేకు, ఒకే డై, ఒకే బ్రష్, ఒకే పూత. ముఖం మీద, అంటే పైభాగంలో, రంగు సమంగా ఉన్నది. అంచు చుట్టూ వేలు పెట్టి తిప్పుకుంటూ రండి. పక్కలకు, నార వెంట పోయిన కోత దగ్గర, రంగు ముఖం మీద ఉన్నట్టే ఉన్నది. కొస దగ్గరికి రాంగనే ముదిరిపోయి నలుపుకు వచ్చింది. అక్కడ నార అడ్డంగా తెగింది. చెక్క నారంటే సన్నటి గొట్టాలు. అడ్డంగా తెగితే గొట్టాల నోళ్లన్నీ తెరుచుకుంటయి, రంగును లోపలికి గుంజుతయి. స్క్రోల్ సా కోతలన్నీ ఒంపులే కాబట్టి ప్రతి ముక్కకూ ఈ తేడా వచ్చి తీరుతది. ప్లై అయితే ఇంకో వింత. అంచు మొత్తం ఒక పొర ముదురు, ఒక పొర లేత, చారలు చారలుగా వస్తది, ఎందుకంటే పొరలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా అతికించి ఉంటయి.

దీనికి మందు రెండు తీర్లుగా ఉన్నది. ముఖాన్ని 220 నంబరు సాండ్ పేపర్‌తో ఆపేసినా, అంచును 400 దాక తీసుకపోండి. ఎంత నున్నగయితే అంత తక్కువ తాగుతది. అది సరిపోకుంటే, లక్కను స్పిరిట్‌లో బాగా పల్చగా కలిపి అంచుకు మాత్రమే ఒక పూత ఇయ్యండి. ఆరినంక రంగు వేస్తే ఆ నోళ్లు సగం మూసుకొని ఉంటయి. ఈ మందులేవీ లేని మూడో దారి నేను ఎక్కువగా చేసేది: ఆ ముదురు అంచును అట్లనే ఉంచేస్త. రేకుల మధ్య సందుకు అదే నీడ అయితది. ఏ అంచు ముదురుతదో ముందే తెలిస్తే, నార ఎటు పోవాలో చూసుకొని పలక మీద బొమ్మ అతికించుకోవచ్చు. అంటే రంగు గురించి ఆలోచన కోతకంటే ముందే మొదలు కావాలె.

నీళ్ల రంగు వేసేటోళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. నీళ్లు తగిలితే చెక్క రోమం లేస్తది, అంటే పైన ఉన్న సన్న నారలు నిక్కుతయి. ముందే ఒకసారి తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, లేచిన రోమాన్ని సన్న పేపర్‌తో తీసేసి, అప్పుడు రంగు వెయ్యండి. స్పిరిట్ డైకి ఈ బాధ లేదు. కాని అది క్షణాల్లో ఆరుతది, పెద్ద ముక్కల మీద బ్రష్ పూతలు అతుకులు అతుకులుగా కనబడ్తయి. నేర్చుకునేటోళ్లకు నీళ్ల రంగే మంచిది, సర్దుకోవడానికి టైం ఇస్తది.

జిగురు సంగతి. జిగురు పడ్డకాడ డై పట్టదు, తెల్లటి మచ్చ మిగులుతది. అందుకే ముక్కలను ముందు జిగురు లేకుండ కూర్చి చూసుకోవాలె, విప్పాలె, రంగెయ్యాలె, ఆఖరుకు అతికించాలె. అడుగున రంగు వెయ్యొద్దు, జిగురుకు ఒట్టి చెక్క కావాలె.

ఇంకో కొలత చెప్త. నంబర్ 5 బ్లేడు మందం సుమారు 0.4 మిల్లీమీటర్లు. పళ్ల వెడల్పు కలిపినా మీ సందు అర మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటది. ఆ సందుకు రెండు పక్కలా రెండు ముక్కల అంచులున్నయి. రెండిటికీ ఎనామెల్ రెండు పూతలు పడితే ఆ సందు ఇరుకైతది. ముక్కలు సులువుగా కూర్చోవు, బలవంతంగా నొక్కితే రంగు చిట్లుతది. చిక్కటి రంగు వెయ్యాలనుకుంటే ముఖం మీద వెయ్యండి, అంచుకు పల్చటి నీళ్ల రంగు ఒక్క పూత చాలు. డైకి మందమే ఉండదు కాబట్టి ఈ తంటా రాదు. ముక్కలుగా కోసి కూర్చే పనికి నేను డై వైపు మొగ్గేది ఇందుకే.

చిక్కటి రంగులు మొత్తానికే వద్దా అని మీరు అనుకోవచ్చు. నిర్మల్ బొమ్మలు చూడండి. అవి చేసేది పొనికి కర్రతో. ముక్కలను చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపిన ముద్దతో అతికి, అదే ముద్దతో ఆకారం సర్ది, పైన తెల్లటి పూత ఇచ్చి, అప్పుడు రంగు వేస్తరు. చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డ మీద కూడా అంతే చేస్తరు. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి గుడ్డను మూసేసినంకనే బొమ్మ వెనక ఆ ఎర్రటి రంగు పడ్తది. కింద తెలుపు ఉంటది కాబట్టే పైన ఎరుపు అంత పలుకుతది. చిక్కటి రంగు కావాల్సినప్పుడు మనం కూడా సగం దారిలో ఆగొద్దు. ముందు సీలర్, అంటే చెక్క రంధ్రాలు మూసే పూత, దాని మీద తెల్లటి ప్రైమర్, రెండిటినీ సన్న పేపర్‌తో నున్న చేసి, అప్పుడు రంగు. ఒట్టి చెక్క మీద నేరుగా ఎనామెల్ కొడితే పీల్చుకున్నకాడ మసకగా, పీల్చుకోనికాడ మెరుస్తూ వస్తది. ఎండీఎఫ్, అంటే చెక్క నారపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక, అయితే కోసిన అంచుకు సీలర్ ఒకటికి రెండు పూతలు కావాలె, అది దూదిలెక్క తాగుతది.

ఇప్పుడు నాకు ఇష్టమైన రంగు, నలుపు. నల్ల పెయింట్ సంగతి కాదు నేను చెప్పేది. ఇనుముతో వచ్చే నలుపు.

(బల్ల మీద రెండు సీసాలు చూపిస్తూ) ఈ సీసాలో వెనిగర్‌లో స్టీల్ ఊల్, అంటే సన్నటి ఇనుప పీచు, వేసి నానబెట్టింది ఉన్నది. ఇనుము కరిగేదాక కొన్ని రోజులు ఉంచి, గుడ్డతో వడగట్టాలె. నానేటప్పుడు మూత గట్టిగ బిగించకండి, లోపల గ్యాస్ పుడ్తది, అది బయటికి పోవాలె. ఈ రెండో సీసాలో కరక్కాయ కషాయం. కరక్కాయలు నలగ్గొట్టి, నీళ్లలో మరిగించి వడగట్టిన. కరక్కాయలో టానిన్, అంటే వగరునిచ్చే పదార్థం, ఎక్కువ. టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు పుడ్తది. కలంకారీ చేసేటోళ్లు ఈ విద్యతోనే నల్లగీత గీస్తరు. గుడ్డను కరక్కాయలో తడిపి ఆరబెట్టుకుంటరు, బెల్లంనీళ్లలో తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టి ఆ నీళ్లతో గీస్తరు.

ఈ పొనికి ముక్కకు కషాయం పొద్దునే పూసి ఆరబెట్టిన. ఇప్పుడు ఇనుప నీళ్లు పూస్తున్న. దగ్గరికి వచ్చి చూడండి. పూసినప్పుడు తడి తప్ప ఏం లేదు. ఇదిగో, బూడిదరంగు మొదలైంది. నార రేఖల వెంట ముందు కనబడ్తున్నది చూడండి, మధ్యలో తర్వాత. ఇంకొన్ని నిమిషాలకు ముదురు నీలినలుపుకు వస్తది, ఆరినంక రెండో పూత ఇస్తే బొగ్గు. రేఖ ఒక్కటి కూడా దాగలేదు. పెయింట్ పొర లేదు కాబట్టి గోకితే పెచ్చు లేవదు. టేకులో టానిన్ కొంత ఉంటది కాబట్టి కషాయం లేకున్నా బూడిదవైపు తిరుగుతది, తెల్లచెక్కలకు మాత్రం కరక్కాయ తప్పదు. ఇనుప నీళ్ల బ్రష్ కరక్కాయ సీసాలో పెట్టకండి, సీసా మొత్తం సిరా అయితది.

తోరణం కోసినాయన ఎవరు? మీరేనా తమ్మీ. దానికి రంగులు పెట్టాలని చూస్తున్నరట. నా మాట విని ఈ పద్ధతి చెయ్యండి. కషాయం పల్చగా, ఇనుప నీళ్లు పల్చగా, ఒక్క పూత. రాతి బూడిదరంగు వస్తది, వెనక పనస పలక పెడితే పొద్దటి ఎండలో వరంగల్ ఖిలా కనబడ్డట్టుంటది. ఎరుపు, పచ్చ దానికి ఒద్దు.

వంటింటి రంగులు వాడొచ్చా అని అక్క ఒకరు ముందే అడిగిన్రు. పసుపు చెక్కకు బ్రహ్మాండంగా పట్టుకుంటది, సున్నపునీళ్లు తగిలితే ఎరుపు అయితది, పారాణి తీరు. మోదుగుపూల నీళ్లు కూడా అందంగా ఉంటయి, హోళీకి మనం చల్లుకున్నవే. కాని పసుపు వెలుతురుకు నిలవదు, నెలల్లో వెలిసిపోతది. మోదుగును కూడా నమ్ముకోలేం. పండుగకు కట్టి విప్పే తోరణాలకు వాడండి, పిల్లలతో చేయించడానికి ఇంతకంటే మంచివి లేవు. ఎవరికన్నా అమ్మే వస్తువుకు మాత్రం వద్దు.

ఏ రంగు పక్కన ఏ రంగు అనేదానికి పెద్ద శాస్త్రం చెప్పను. ముదురు, లేత చూసుకోండి చాలు. ముక్కలన్నీ పరిచి ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి చూడండి. పక్కపక్క ముక్కలు ఒకే బూడిదలో కలిసిపోతే, వాటి రంగులు వేరైనా రెండు గజాల దూరం నుంచి బొమ్మ విడిపడదు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టినప్పుడు ఎక్కువగా ఇదే జరుగుతది. ఒకదాన్ని పల్చన చెయ్యండి. లేదంటే రెండిటి మధ్య రంగు లేని చెక్క ముక్క ఒకటి వదలండి.

పైపూత దగ్గర పని పాడైన బొమ్మలు శానా చూసిన. కారణం సులువైనదే. స్పిరిట్ డై మీద స్పిరిట్ పాలిష్, అంటే స్పిరిట్‌లో కలిపిన లక్క, బ్రష్‌తో కొడితే కింద రంగు కరిగి లేస్తది, ఎరుపు పోయి తెలుపులో పడ్తది. నీళ్ల డై మీద నీళ్ల వార్నిష్‌కూ అంతే. అందుకే నీళ్ల రంగు వేస్తే పైన లక్క పాలిష్, స్పిరిట్ రంగు వేస్తే పైన నూనె వార్నిష్. అదీ కుదరకుంటే బ్రష్ ముట్టకుండ పల్చగా స్ప్రే చెయ్యండి. వానాకాలం లాకర్, అంటే తొందరగా ఆరే మెరుపు పూత, కొట్టకండి, గాలిలో చెమ్మకు పొర పాలలెక్క తెల్లబడ్తది.

లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, వాడేటోళ్లు చెవి పెట్టి వినండి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలకు పారెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడ్తది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటది, అగ్గిపుల్ల అక్కర్లేదు. మన ఎండాకాలం, రేకుల షెడ్డు, చుట్టూ రంపంపొట్టు. గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచండి, లేకుంటే నీళ్ల బకెట్‌లో వెయ్యండి. ఇది ఒక్కటి మీ ఇంట్లో వాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

ఇగ మొదట అడిగిన ప్రశ్న, ఏ డబ్బా కొనాలె. గోడకు పెట్టే బొమ్మయితే పై లెక్కలు చూసుకొని ఏదైనా సరే. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువయితే జాగ్రత్త వేరే ఉండాలె. ఇండ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90, దాటొద్దని 2016లో నిబంధనలు వచ్చినయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్నయి. ఆ కట్టడి ఇంటి పెయింట్లకు. బండ్లకు, మిషన్లకు కొట్టే పెయింట్లు దాని కిందికి రావు, అవి ఆటవస్తువుల దగ్గరికి రానియ్యకండి. ఇంట్లో మిగిలిన పాత డబ్బాలు కూడా వద్దు. పిల్లల ఆటవస్తువులకు పనికొస్తదని డబ్బా మీదనే రాసి ఉన్న నీళ్ల అక్రిలిక్ తీసుకోండి, పైన లక్క పూత ఇచ్చి పూర్తిగా ఆరనియ్యండి. లక్కను మందుగోళీల మీద కూడా పూస్తరు. ఆటవస్తువులు అమ్మే ఆలోచన ఉన్నోళ్లు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అని తెలుసుకోండి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు దాంట్లో మినహాయింపు ఉన్నది, కాబట్టి ముందు ఆ నమోదు చేయించుకోండి.

ఇప్పుడు బల్లల దగ్గరికి పోదాం. ఎవరి పలకలో కోసిన తునక వాళ్లు తీసుకోండి, వేరే చెక్క మీద చేసిన పరీక్ష పనికిరాదు. ముందు తడిగుడ్డ. అది ఆరేలోపు, మీ బొమ్మ గీసిన కాగితం మీద రంగు వద్దనుకున్న ముక్కలకు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నేను ఒక్కొక్కరి దగ్గరికి వస్త.